పాత స్విఫ్ట్‌కి ఇంట్లోనే వినైల్ ర్యాప్: వేసినవాళ్లు చెప్పండి

స్విఫ్ట్_2014:
అందరికీ నమస్తే. నాది 2014 ఎర్ర స్విఫ్ట్, డీజిల్. బానెట్ మీదా రూఫ్ మీదా రంగు వెలిసి పాలిపోయింది. పెయింటింగ్‌కి అడిగిన రేటు విని ఇంటికొచ్చి గ్లాసుడు మంచినీళ్లు తాగా. మ్యాట్ గ్రే ర్యాప్, అదే బండి రంగు మీద అంటించే వినైల్ షీటు, తెచ్చి నేనే వేద్దామని ఉంది. మా బావమరిది చెయ్యి సాయం వస్తానన్నాడు. నాలుగు డౌట్లు. 1) ఎన్ని మీటర్లు కొనాలి? 2) కాస్ట్, క్యాలెండర్డ్ అని రెండు రకాలంటున్నారు, రేటులో ఉన్నంత తేడా పనిలో ఉంటుందా? 3) హీట్ గన్ లేదు, హెయిర్ డ్రయర్ చాలా? 4) డోర్ హ్యాండిళ్లు విప్పాలా, విప్పకుండా అంచు లోపలికి తోసెయ్యొచ్చా? నాలుగోదే ముఖ్యం. విప్పడం నాకు రాదు.

గోదారి_గట్టు:
రెండో దానికి నేను చెప్తా, నాకు కాలింది కాబట్టి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని క్యాలెండర్డ్ రోల్ తెప్పించి వ్యాగన్‌ఆర్‌కి వేశా. సంక్రాంతికి వేస్తే ఉగాది దాకా కొత్త పెళ్లికూతురిలా ఉంది. మే నెల వచ్చింది, బంపర్ మూలలన్నీ నోళ్లు తెరిచాయి. డోర్ అంచుల దగ్గర రెండేసి మిల్లీమీటర్లు వెనక్కి లాక్కుపోయి, కింద పాత నీలం రంగు గీత గీసినట్టు బయటపడింది.

తేడా ఏంటంటే, క్యాలెండర్డ్ చపాతీ లాంటిది. రోలర్ల మధ్య నొక్కి సాగదీసి చేస్తారు. ఒత్తి పక్కన పెట్టిన చపాతీ కాసేపటికి దగ్గరకి ముడుచుకుంటుంది చూడండి, అదీ అంతే. కాస్ట్ అంటే దోసె. ద్రవంగా పోసి ఆరబెట్టింది. దాన్నెవరూ సాగదీయలేదు కాబట్టి వెనక్కి పోవాలన్న యావ ఉండదు. మందం కూడా తక్కువ, 50 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది, వంపుల్లో ఒదుగుతుంది. బోర్డులకీ, చదునుగా ఉన్న వ్యాన్ పక్కలకీ క్యాలెండర్డ్ బానే పనిచేస్తుంది. స్విఫ్ట్ బంపర్‌కి మాత్రం వద్దు.

రేడియం_మాస్టర్:
తమ్ముడూ, 2006 నుంచి రేడియం కటింగ్ షాపు నాది. ఆటో, ట్రాక్టర్, స్కూలు బస్సు, పెళ్లికారు, నేను అంటించని బండి లేదు. ఈ చపాతీ, దోసె కథలు పక్కన పెట్టు. ఒక బాటిల్లో నీళ్లు పోసి నాలుగు చుక్కల షాంపూ వెయ్యి. బండి మీదా జిగురు మీదా బాగా కొట్టు, షీటు పరిచి అటూ ఇటూ జరుపుకో, రబ్బరు బద్దతో నీళ్లు లాగెయ్. ఒక్క బుడగ వస్తే నన్నడుగు.

కాల్గరీ_కుర్రాడు:
షాంపూ నీళ్లా! అన్నా, దయచేసి ఆ పని చెయ్యకండి. ఇప్పుడొచ్చే ర్యాప్ ఫిల్మ్‌ల జిగురులో కంటికి కనపడని సన్న కాలవలుంటాయి. నొక్కుతుంటే గాలి వాటిల్లోంచి బయటికి పోవాలి. నీళ్లు కొడితే ఆ కాలవల్లో నీళ్లే నిలబడతాయి. పొడిగా వెయ్యాలని కంపెనీల డేటా షీట్లలోనే ఉంటుంది. నేను ఇక్కడ కెనడాలో నవంబర్‌లో గ్యారేజీలో వేశా. మా బాధ ఇంకోటి, చలికి ఫిల్మ్ అట్టలా బిగుసుకుపోయి మడత దగ్గర చిట్లింది. రూమ్ హీటర్ పెట్టి గ్యారేజీ 20 డిగ్రీలకి తెచ్చాకే జిగురు పట్టింది.

రేడియం_మాస్టర్:
బాబూ, మీరు వేసింది ఒక్క కారు. అదీ మంచులో. నేను రోజుకి ఆరు బండ్లు చూస్తా, ఎండలో. డేటా షీట్ చదివి ఈత నేర్చుకోరు.

కరీంనగర్_కాక:
మాస్టరన్నా, నీ లెక్క చెప్పినాయన మాటిని నేను గదే జేసిన. బుల్లెట్ ట్యాంకుకు సబ్బునీళ్లు గొట్టి ఏసిన. రెండు దినాలు మస్తుగుండె. మూడో దినం ఎండల పెట్టినంక ఒక్కొక్కటి శనగగింజంత బుగ్గలు లేసినయ్. సూదితోని పొడిస్తే నీళ్లు బయటికొచ్చినయ్ తెల్సా, గాలి గాదు. మొత్తం పీకి మళ్ల పొడిగ ఏసిన. ఇప్పుడు మ్యాట్ మిలిటరీ గ్రీన్ కలర్ల అద్దిరిపోతున్నది బండి.

రూల్స్_రామయ్య:
మిలిటరీ గ్రీనా? కాక గారూ, నీటి బుడగలకన్నా అది పెద్ద సమస్య. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లో రూల్ 121 చూడండి. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500 పెగాసస్ అని ప్రపంచం మొత్తానికి వెయ్యి బండ్లు చేసింది, మన దేశానికి 250. బయట దేశాల్లో ఆలివ్ గ్రీన్ కూడా అమ్మారు, ఇక్కడ బ్రౌన్ ఒక్కటే. కంపెనీయే తప్పించుకున్న చోట మీరు ధైర్యం చేశారు.

కరీంనగర్_కాక:
గది పెయింటు గురించి రాసిండ్రు సారూ. నాది స్టిక్కరు. పీకితే పోతది.

రూల్స్_రామయ్య:
చెక్‌పోస్టు దగ్గర ఆపినాయన గోకి చూడడు, రంగు చూస్తాడు. 1988 చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకీ బండికీ తేడా రాకూడదు. ఆర్‌సీలో రంగు కూడా ఒక వివరమే. స్విఫ్ట్ గారూ, మీక్కూడా ఇదే వర్తిస్తుంది. ఎరుపుని గ్రే చేస్తున్నారు, ఆర్టీవో ఆఫీసులో అడిగి ఆర్‌సీలో రంగు మార్పించుకోండి. లేదంటే రూఫ్ వరకే నలుపు వేసుకుని ఊరుకోండి.

కరీంనగర్_కాక:
మా దిక్కు ఎవ్వలు ఆపలే. ఆపినోడు గుడ ఎక్కడ ఏపిచ్చినవే అని అడిగిండు.

యాక్టివా_అక్క:
ఇక్కడ అందరూ మీసాలు మెలేస్తున్నారు గానీ శుభ్రం చేయడం గురించి ఒక్కరూ చెప్పట్లేదు. నా యాక్టివాకి పూల ప్రింట్ వేశా, మూడుసార్లు తగలేశాక వచ్చింది. మొదటిసారి కరోనాలో మిగిలిన శానిటైజర్‌తో తుడిచా, అదీ ఆల్కహాలే కదా అని. దాన్లో చేతులు పొడిబారకుండా గ్లిజరిన్ కలుపుతారట. ఆ జిడ్డు మీద జిగురు ఎలా పడుతుంది? ఉత్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొనుక్కోండి. పాత స్టిక్కర్ జిగురుంటే నీలగిరి తైలంతో తియ్యండి, తర్వాత ఆ నూనె పోయేదాకా సర్ఫ్ నీళ్లు, ఆ తర్వాతే ఆల్కహాల్. డ్యాష్‌బోర్డ్ పాలిష్ కొట్టే అలవాటుంటే ఆ వారం మానేయండి.

రెండోసారి ఆఫీసు నుంచొచ్చి రాత్రి పూట వరండాలో ట్యూబ్‌లైట్ కింద మొదలుపెట్టా. ఆ సాయంత్రమే తొలకరి పడింది. ఇంక చెప్పాలా? ఉసిళ్లు. నా పూల మధ్యలో ఇప్పటికీ ఒకటి రెక్కలతో సహా ఉంది, అడిగినవాళ్లకి డిజైన్ అని చెప్తున్నా.

మూడోసారి తెల్లవారుజామున ఐదింటికి లేచి, ముందు వాకిట్లో కళ్లాపి చల్లినట్టు నేలంతా తడిపి దుమ్ము అణిచి, ఫ్యాన్ కట్టేసి వేశా.

గోదారి_గట్టు:
అక్కా, తెల్లవారుజాము మాట నూటికి నూరుపాళ్లు నిజం. పదయ్యేసరికి రేకు కాలిపోతుంటుంది. వేడి రేకు మీద జిగురు తాకగానే కరుచుకుంటుంది, మళ్లీ లేపి సర్దుదామంటే రాదు, సాగుతుంది.

రేడియం_మాస్టర్:
నేను చెప్పింది అక్షరాలకీ, నంబర్ ప్లేటుకీ, సన్ ఫిల్మ్‌కీ. వాటికి నీళ్లే వాడతారు. ప్రపంచమంతా వాడతారు. పీపీఎఫ్, అదే రంగుకి గీతలు పడకుండా వేసే పారదర్శక ఫిల్మ్, అది కూడా నీళ్లతోనే వేస్తారు, తెలుసుకుని మాట్లాడండి.

కాల్గరీ_కుర్రాడు:
పైన మీ పోస్టులో "షీటు పరిచి అటూ ఇటూ జరుపుకో" అని ఉంది మాస్టర్ గారూ. అక్షరాలన్న మాటే లేదు. పీపీఎఫ్ తడిగా వేస్తారు, ఒప్పుకుంటా. ఈయన అడిగింది పీపీఎఫ్ కాదు.

రేడియం_మాస్టర్:
మా కుర్రాళ్లకి నేర్పినట్టు చెప్పా. ఇక్కడ అందరూ ప్రొఫెసర్లే అని తెలీదు. ఒక్కటి చెప్పి పోతా, ఇది కూడా తప్పంటే మీ ఇష్టం. బండి మీద పెట్టి బ్లేడుతో కొయ్యకండి. చెయ్యి తిరిగినవాడు కూడా ఒత్తిడి కాస్త ఎక్కువ పెడితే రంగు తెగి రేకు దాకా పోతుంది, వానాకాలానికి తుప్పు. మధ్యలో దారం ఉన్న నైఫ్‌లెస్ టేప్ దొరుకుతుంది. ముందు అది అంటించి, పైన ఫిల్మ్ వేసి, దారం లాగితే గీసినట్టు తెగుతుంది.

యాక్టివా_అక్క:
ఇది మాత్రం బంగారం లాంటి మాట. మొదట్నుంచీ ఇలా చెప్పుంటే గొడవే ఉండేది కాదు కదండీ.

స్విఫ్ట్_2014:
అన్నీ రాసుకుంటున్నా, థాంక్స్. కానీ మీటర్లు ఎవరూ చెప్పలేదు. డ్రయర్ సంగతీ, డోర్ హ్యాండిల్ సంగతీ కూడా.

గోదారి_గట్టు:
రోల్ వెడల్పు ఐదడుగులు, అంటే 1.52 మీటర్లు. మీ సైజు కారుకి మొత్తం వెయ్యాలంటే 15 మీటర్లు పెట్టుకోండి. మొదటిసారి కాబట్టి బంపర్ ఒకటి పాడవుతుంది, దానికో రెండు మీటర్లు అదనం. డ్రయర్‌తో చిన్న వంపుల్లో పని నడుస్తుంది గానీ, అంతా వేశాక అంచులకీ గుంటలకీ ఆఖరి వేడి ఒకటి పట్టించాలి. మామూలు కాస్ట్ ఫిల్మ్‌కి 90 డిగ్రీలు దాటాలి. ఆ వేడి తగిలితేనే సాగిన చోట అలాగే కుదురుకుంటుంది. డ్రయర్ వల్ల కాదు, హీట్ గన్ కొనండి.

కరీంనగర్_కాక:
వేడి జూసేతందుకు నేను కరోనప్పటి నుదురు మీద పెట్టే గన్ను వాడిన. 43 దాటంగనే "హై" అని సూపెట్టి సప్పుడు జేస్తది. ట్యాంకుకు జొరమొచ్చిందని మా పోరగాండ్లు ఒకటే నవ్వుడు. ఫ్యాక్టరీలల్ల వాడేటిది వేరే ఉంటదంట, గది తెచ్చుకో తమ్మీ. ఇంకోటి, ట్యాంకు మీద పెట్రోలు చుక్క పడ్తే ఎమ్మటే తుడువాలె. లేకుంటే మరక పడ్తది.

రూల్స్_రామయ్య:
స్విఫ్ట్‌కి పెట్రోల్ ట్యాంకు మీద ర్యాప్ ఎక్కడండీ.

కరీంనగర్_కాక:
నేను నా బండి గురించి చెప్పిన సారూ. అన్నిట్ల అడ్డం రాకుండ్రి.

కర్నూలు_సామి:
ఏం సామీ, అందురూ రోలు గురించి, నీళ్ల గురించి కొట్టుకుంటాండారు గానీ, ఆయప్ప మొదటి లైనులో ఏం రాసినాడో ఎవురన్నా చదివినారా? బానెట్, రూఫ్ వెలిసిపోయింది అన్నాడు. పైనుండే క్లియర్ కోటు పొరలు లేస్తాంటే దానిపైన ఏం ఏసినా నిలబడదు. జిగురు పట్టుకునేది ఆ పొరనే, ఆ పొర రేకును పట్టుకోకపోతే ర్యాపు ఎవురిని పట్టుకోవల్ల? రేపు పీకేటప్పుడు రంగు కూడా దాంతోపాటే వస్తాది. మా మామ కారుకు ఒకసారి డెంటింగ్ చేసి రంగేసిన డోరుండె. ర్యాపు పీకితే ఆ డోరు ఒక్కటీ ప్రైమరు దాకా ఊడొచ్చింది. కంపెనీ రంగున్న మూడు డోర్లకు ఏమీ కాలేదు.

ఒక పని చెయ్. రూఫ్ మీద మాస్కింగ్ టేపు బాగా రుద్ది అంటించి, ఒక్క గుంజు గుంజు. టేపుకు పొట్టు వస్తే ర్యాపు మాట మర్చిపో.

గోదారి_గట్టు:
నిజమే, అది నాకు తట్టలేదు. ఇంకోటి, పడుకుని ఉండే రూఫ్, బానెట్‌లకి ఎండ నేరుగా పడుతుంది కాబట్టి ఫిల్మ్ కంపెనీలు కూడా వాటికి వారంటీ తక్కువే ఇస్తాయి.

స్విఫ్ట్_2014:
ఇప్పుడే టేపు పరీక్ష చేసొచ్చా. బానెట్ పర్లేదు, చిన్న పొట్టు కూడా రాలేదు. రూఫ్ మీద మాత్రం టేపుకి చేప పొలుసుల్లా వచ్చింది. అదే టేపు మా బావమరిదికి చూపించా. "అయ్యో బావా, నిన్న రాత్రే రోలు ఆర్డర్ పెట్టేశానే" అన్నాడు. 17 మీటర్లు. గ్రే కాదు, వాడికి నచ్చిన ఆలివ్ గ్రీన్.

రూల్స్_రామయ్య:
రిటర్న్ పాలసీ ఉందా?

కరీంనగర్_కాక:
తమ్మీ, వాపస్ తీస్కోకుంటే రెండు మీటర్లు నాకియ్యి. సైడు డబ్బాలు మిగిలినయ్.

స్విఫ్ట్_2014:
ఇస్తాలే అన్నా. ముందు ఎవరైనా ఆ డోర్ హ్యాండిల్ విప్పడం చెప్పండి.