క్యాసెట్ పాటలు చుట్టాలకు పంచాలి, అందరికీ ఒకటే పాస్‌వర్డ్ ఇవ్వచ్చా?

కావలి కుర్రాడు: నాన్న దాచిన నాటక పద్యాలు, పాత సినిమా పాటల క్యాసెట్లన్నీ ఎంపీ3 చేశాను. క్లౌడ్‌లో పెట్టి అందరికీ ఒకే లాగిన్ ఇచ్చేయమంటున్నాడు బావ. పాస్‌వర్డ్ నాన్న పేరు, పుట్టిన సంవత్సరం అట. పర్లేదా? క్యాసెట్లో ఆ 'సుయ్' శబ్దం తగ్గించే దారి కూడా చెప్పండి.

దర్గామిట్ట: లాగిన్ ఎందుకయ్యా? ఫోల్డర్ లింకు ఇవ్వు, చూసే పర్మిషన్ వరకే. మా ఆఫీసులో ఒకే పాస్‌వర్డ్ పదిమంది వాడేవాళ్ళు. ఒకరోజు ఎవరో మార్చేశారు. ఇప్పటికీ ఒప్పుకోరు.

పొదిలి సెల్ పాయింట్: మెమరీ కార్డుల కాలం నుంచి ఈ ఫీల్డులో ఉన్నా. నేను ఎక్కించిన పాటలు మోగని ఆటో లేదు మా వైపు. అన్నీ 320 కేబీపీఎస్‌లో పెట్టు తమ్ముడూ, ఆ అంకె ఎంత పెద్దదైతే శబ్దం అంత బాగుంటుంది. 128 అంటే రేకు డబ్బా మోగినట్టే.

పెన్నాగట్టు: 128 ఫైలును 320కి మారిస్తే సైజే పెరుగుతుంది, పోయిన శబ్దం రాదు. మీ దగ్గర డబ్బులిచ్చినవాళ్ళు తీసుకుపోయినవి అట్లాంటివేనా?

పొదిలి సెల్ పాయింట్: నోరు జాగ్రత్త. పాటలు అమ్మలేదు, ఎక్కించిన కూలి తీసుకున్నా.

పెన్నాగట్టు: ఏ పేరు పెట్టినా డబ్బు డబ్బే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు విడుదలయ్యాక 60 ఏళ్లు ఉంటుంది. కొత్త సినిమా పాటకు మీ కూలేంది సార్?

దర్గామిట్ట: అయితే 1960కి ముందు పాటలు ఫ్రీనా?

పెన్నాగట్టు: రికార్డింగు వరకే. రాసినాయన హక్కు ఆయన పోయాక ఇంకో 60 ఏళ్లు.

ఒంగోలు సుజాత: పాస్‌వర్డ్ సంగతి అడిగితే చట్టం చదువుతారేంది? బాబూ, పేరూ సంవత్సరమూ అసలు వద్దు. పాటల సైటే కదా అనుకోవద్దు. 2012లో లాస్ట్.ఎఫ్ఎం అనే పాటల సైటు నుంచి 4 కోట్లకు పైగా ఖాతాల వివరాలు పోయాయి. పాస్‌వర్డ్‌లు సాల్ట్ లేని ఎండీ5 హ్యాష్‌లుగా ఉన్నాయి, అంటే ఒక్కోదానికి వేరే అక్షరాలు కలపకుండా పాత పద్ధతిలో గజిబిజి అక్షరాలుగా మార్చి దాచారు. అట్లాంటి హ్యాష్‌ని విప్పడం చాలా తేలిక. అదే పాస్‌వర్డ్ మెయిల్‌కీ ఉంటే? ఓటీపీలు మెయిల్‌కే వస్తాయి కొందరికి.

చీమకుర్తి: నెలకోసారి మారుస్తే ఏ భయమూ లేదు. మా బ్రాంచిలో రూలే అది.

ఒంగోలు సుజాత: ఆ రూల్ పాతబడింది. ఊరికే మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. లీకైతేనే మార్చాలి. నెలనెలా మార్చమంటే జనం చివర 1 తీసి 2 పెడతారు, అంతే.

చీమకుర్తి: అమెరికావాళ్ళు వచ్చి మా ఆడిట్ చేస్తారా?

పొదిలి సెల్ పాయింట్: నా మీద పడ్డవాళ్ళు ఇది చెప్పలేదేం? పాట అని వచ్చిన ఫైలు చివర .ఈఎక్స్ఈ ఉంటే తెరవొద్దు, అది పాట కాదు, ప్రోగ్రాం. విండోస్ మామూలుగా ఆ చివరి ముక్క దాచేస్తుంది, బయటికి ఎంపీ3 అనే కనిపిస్తుంది. ఎన్ని పెన్‌డ్రైవులు కడిగానో నాకు తెలుసు.

పెన్నాగట్టు: ఇది మాత్రం కరెక్టు. సరే, టేపురికార్డర్‌కి బెల్టు దొరికే షాపు నెల్లూరులో ఎవరికైనా తెలుసా? ట్రంకు రోడ్డులో అడిగితే నవ్వుతున్నారు.

పొదిలి సెల్ పాయింట్: నా దగ్గర ఉన్నాయి. కూలి ఇస్తావా మరి?