గోడ పొడవునా పుస్తకాల అరలు: అర పొడవు, వెనుక పలక గురించి సలహా కావాలి

ఇంట్లో 240 సెంటీమీటర్ల వెడల్పు, 210 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఒక గోడకు చెక్కతో పుస్తకాల బీరువా స్వయంగా చేసుకోవాలని సంకల్పించాను. అరలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ముందు అంచున టేకు బద్దీ అనుకుంటున్నాను. లోతు 30 సెంటీమీటర్లు.

నా ప్రధాన సందేహం అరల పొడవు గురించి. మూడు నిలువు గదులుగా విభజిస్తే ఒక్కో అర దాదాపు 80 సెంటీమీటర్లు, నాలుగుగా విభజిస్తే 60 సెంటీమీటర్లు వస్తుంది. నిండుగా పేర్చిన పుస్తకాలకు అర పొడవు పెరిగిన కొద్దీ మధ్యలో వంపు దాని నాలుగో ఘాతంతో పెరుగుతుంది కనుక, 80 సెంటీమీటర్ల అర 60 సెంటీమీటర్ల అరకంటే మూడు రెట్లకు పైగా వంగుతుంది. మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. చూపుకు మూడు గదులే అందంగా ఉంటాయని నాకు గట్టిగా అనిపిస్తోంది. అంచున 40 మిల్లీమీటర్ల ఎత్తు గల టేకు బద్దీని జిగురుతో అతికిస్తే, బరువైన నిఘంటువులను సైతం ఏళ్ల తరబడి ఆ అర వంగకుండా మోయగలదా? లేక 25 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తప్పదా?

రెండో విషయం, అది బయటి గోడ. వానాకాలంలో కొద్దిగా చెమ్మ పడుతుంది. బీరువా పక్కకు ఒరగకుండా వెనుక పలక అవసరమని తెలుసు, కానీ దానికీ గోడకూ మధ్య గాలి ఆడేందుకు ఎంత ఖాళీ వదలాలి? అలా వదిలినప్పుడు, పిల్లలు ఎక్కినా ముందుకు పడకుండా పైభాగాన్ని ఇటుక గోడకు ఎలా బిగించాలి?

ఇటువంటి బీరువా చేసి, కొన్నేళ్లు వాడినవారు తమ అరల కొలతలతో సహా వివరిస్తే ఎంతో కృతజ్ఞుణ్ణి.