చూపు తక్కువున్న కస్టమర్ల కోసం షాపింగ్ సైట్‌లో ఏమేం మార్చాలి?

మంగళగిరి_మగ్గం
చేనేత చీరలమ్మే చిన్న సైట్. వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ మీద నడిచే షాపు సాఫ్ట్‌వేర్), రెడీమేడ్ థీమ్. ఫొటోలకి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) ఉంది, కీబోర్డుతోనే చెకౌట్ దాకా వెళ్లొచ్చు, గూగుల్ పరీక్షా సాధనం లైట్‌హౌస్‌లో యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలగడం) స్కోరు వందకి 96. అయినా చూపు పూర్తిగా పోనివాళ్లు, అంటే పేజీని పెద్దది చేసుకుని కళ్లతోనే చదివేవాళ్లు, ధర దొరకట్లేదనీ, చీర కార్ట్‌లో పడిందో లేదో తెలియట్లేదనీ అంటున్నారు. ఎక్కడ చూడాలి? పైన "అ+ అ-" బటన్లు పెడితే సరిపోతుందా?

భూతద్దం
లైట్‌హౌస్ కోడ్‌ని చూస్తుంది, తెరని కాదు. ముందు ఈ పరీక్ష చేయండి. బ్రౌజర్ విండో వెడల్పు 1280 పిక్సెల్స్‌కి పెట్టి, కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కుతూ 400% దాకా వెళ్లండి. అప్పుడు పేజీకి దక్కేది 320 పిక్సెల్స్ వెడల్పు. పక్కకి స్క్రోల్ చేయకుండా అంతా చదవగలగాలి. వెబ్ యాక్సెసిబిలిటీ నియమావళి డబ్ల్యూసీఏజీలో 1.4.10 నియమం ఇదే.

అందరూ వెడల్పు చూసి వదిలేస్తారు. చావంతా ఎత్తులో ఉంది. 720 ఎత్తు 400% దగ్గర 180 అవుతుంది. పైన కదలకుండా అతుక్కున్న హెడర్ 64, కింద "కార్ట్‌లో వేయండి" పట్టీ 56. మిగిలింది 60 పిక్సెల్స్, అంటే రెండున్నర లైన్లు. వాటి మీద వాట్సాప్ బుడగ ఒకటి! ధర ఎక్కడికీ పోలేదు, ఈ పట్టీల వెనకాల ఉంది.

సీఎస్ఎస్‌లో ఎత్తుని చూసే మీడియా క్వెరీ (తెర కొలతని బట్టి వర్తించే రూలు) రాయండి: మ్యాక్స్-హైట్ 400 పిక్సెల్స్. అందులో హెడర్, కింది పట్టీ రెంటినీ పొజిషన్ స్టాటిక్ (అతుక్కోకుండా పేజీతో పాటు జరిగేలా) చేయండి. చాట్ బుడగని ఫుటర్‌లోకి దించండి. ట్యాబ్ నొక్కుతూ వెళ్లేటప్పుడు ఫోకస్ హెడర్ కింద దాక్కోకుండా స్క్రోల్-ప్యాడింగ్-టాప్‌కి హెడర్ ఎత్తు ఇవ్వండి. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 వెర్షన్‌లో ఇది 2.4.11 నియమం.

క్యూఏ_బెజవాడ
భూతద్దం గారు చెప్పింది బ్రౌజర్ జూమ్ సంగతి. విండోస్ మాగ్నిఫయర్ వేరు. విండోస్ కీ, ప్లస్ నొక్కితే వచ్చేది. దాంట్లో లేఔట్ మారదు, తెరలో ఒక ముక్క మాత్రమే పెద్దదై కనిపిస్తుంది. 4 రెట్లకి పెడితే ఒకసారికి తెరలో పదహారో వంతే కంటికి ఆనుతుంది. దాంతో కూడా ఒక ఆర్డర్ వేసి చూడండి. దొరికే తప్పులు వేరే రకంగా ఉంటాయి, దాదాపు అన్నీ దూరానికి సంబంధించినవే.

బిల్లు వివరాల పెట్టెనే తీసుకోండి. "డెలివరీ ఛార్జీ" ఎడమ అంచున, "₹80" కుడి అంచున, మధ్యలో 600 పిక్సెల్స్ ఖాళీ. మాగ్నిఫయర్‌తో ఎడమ నుంచి కుడికి జరిగేసరికి ఏ వరుసలో ఉన్నారో తప్పిపోతుంది, డిస్కౌంట్ అంకెని డెలివరీ అనుకుంటారు. ఆ పెట్టె వెడల్పు 320 దాటనివ్వకండి, లేదా అంకెని పేరు పక్కనే పెట్టండి. వరుసల మధ్య గీత ఉంటే ఇంకా నయం.

కార్ట్ మెసేజ్‌దీ అదే కథ. బటన్ నొక్కింది పేజీ మధ్యలో, "చేర్చబడింది" అన్న టోస్ట్ (కాసేపు కనిపించి పోయే చిన్న మెసేజ్) వచ్చేది కుడి పై మూల, మూడు సెకన్లలో మాయం. నొక్కినవాళ్ల కంటికి అది అసలు పడదు. రెండోసారి నొక్కుతారు, రెండు చీరలు పడతాయి. మెసేజ్ బటన్ కిందే రావాలి, వాళ్లు మూసేదాకా ఉండాలి, కోడ్‌లో దానికి రోల్ స్టేటస్ ఇస్తే స్క్రీన్ రీడర్ (తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కూడా చదువుతుంది. ఫారంలో తప్పులూ అంతే: పిన్‌కోడ్ తప్పైతే ఆ గడి కిందే చెప్పాలి గానీ పేజీ నెత్తిన ఎర్ర పట్టీలో కాదు.

ఫ్రంట్ఎండ్_పనులు
"అ+ అ-" గురించి: పెడితే పాపం లేదు, కానీ మొదటి పని అది కాదు. చూపు తక్కువున్నవాళ్లు ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో తమ సైజు ముందే పెట్టుకుని ఉంటారు. మన సైట్ దానికి అడ్డుపడకపోతే చాలు. అడ్డుపడేవి ఇవి:

వ్యూపోర్ట్ మెటా ట్యాగ్‌లో (ఫోన్‌లో పేజీ వెడల్పు, జూమ్ చెప్పే కోడ్ లైను) యూజర్-స్కేలబుల్ నో, లేదా మ్యాక్సిమమ్-స్కేల్ 1. ఐఫోన్ సఫారీ ఐఓఎస్ 10 నుంచి దీన్ని పట్టించుకోదు, ఆండ్రాయిడ్ క్రోమ్ మాత్రం పాటిస్తుంది, వేళ్లతో జూమ్ చచ్చిపోతుంది. థీమ్‌వాళ్లు ఇది ఎందుకు పెడతారంటే, ఇన్‌పుట్ గడిలో అక్షరం 16 పిక్సెల్స్ కన్నా చిన్నదైతే ఐఫోన్ దానంతటదే జూమ్ అవుతుంది, అది ఆపడానికి. గడిలో ఫాంట్ 16 పెట్టండి, ఆ లైన్ పీకేయండి.

ఫాంట్ సైజులు పిక్సెల్స్‌లో ఉంటే బ్రౌజర్ సెట్టింగ్‌లో పెద్ద అక్షరం పెట్టుకున్నా మారవు. రెమ్‌లో (బ్రౌజర్ అక్షర సైజుని బట్టి మారే కొలత) రాయండి. వీడబ్ల్యూలో (విండో వెడల్పుని బట్టి మారే కొలత) మాత్రమే రాస్తే ఇంకా దారుణం, జూమ్ చేసినా హెడింగ్ అలాగే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో "జూమ్ టెక్స్ట్ ఓన్లీ" పెట్టి 200% చేసి చూడండి. ఎత్తు బిగించిన పెట్టెలన్నీ అక్కడ బయటపడతాయి.

కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా): మామూలు అక్షరాలకి 4.5:1, పెద్దవాటికి (24 పిక్సెల్స్, బోల్డ్ అయితే దాదాపు 18.7) 3:1. గడుల అంచులు, ఐకాన్లకీ 3:1. తెలుపు మీద #999999 బూడిద రంగు 2.85 మాత్రమే, కొట్టేసిన పాత ధరకి అందరూ వాడేది అదే. #777777 అంటే 4.48, వెంట్రుకవాసిలో ఫెయిల్. #767676 అయితే 4.54, పాస్. ఆర్‌జీబీ 255, 153, 0 నారింజ బటన్ మీద తెల్ల అక్షరాలు 2.14. అదే బటన్ మీద నల్ల అక్షరాలు 9.8. రంగు మార్చక్కర్లేదు, అక్షరం మార్చండి.

మసక_వెలుగు
ఒక్క మాట చేర్చాలి. "చూపు తక్కువ" అంటే ఒకటే రకం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం "లో-విజన్" (తక్కువ చూపు) అనడానికి రెండు దారులు ఇచ్చింది: మంచి కంటిలో అద్దాలతో కూడా చూపు 6/18 మించకుండా 3/60 దాకా ఉండటం, లేదా చూపు పరిధి 40 డిగ్రీల కన్నా తగ్గి 10 డిగ్రీల దాకా ఉండటం. రెండో రకం వాళ్లకి అక్షరం మరీ పెద్దదైతే ఇంకా కష్టం, ఒకేసారి రెండు పదాలు కూడా పట్టవు. వెలుతురు భరించలేనివాళ్లకి తెల్ల పేజీయే సమస్య. అందుకే "మా సైట్‌లో పెద్ద అక్షరాల మోడ్" అని ఒకటి బిగించి అందరినీ అందులోకి తోయకండి.

డార్క్ మోడ్ ఇస్తే ఫోన్ సెట్టింగ్‌ని అనుసరించనివ్వండి. రంగులు తిప్పేసే ఫిల్టర్‌తో మాత్రం చేయొద్దు, ఎర్ర చీర నీలిగా కనిపిస్తుంది. బట్టల షాపుకి అంతకన్నా నష్టం ఏముంది!

ఒక్క లైన్ కోడ్ వేస్తే అంతా సరి అని అమ్మే ఓవర్‌లే విడ్జెట్ల జోలికి పోకండి. అలాంటి ప్రచారం చేసినందుకే 2025లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ యాక్సెసీబీ అనే కంపెనీతో పది లక్షల డాలర్లు కట్టించింది.

మంగళగిరి_మగ్గం
400%లో చూశాను, పట్టీల సంగతి నిజమే. మా పేర్లు, వివరణలు తెలుగులో ఉంటాయి. దానికి వేరే జాగ్రత్తలున్నాయా? రంగులు ఎలా రాయాలి?

ఒత్తు_పొల్లు
ఉన్నాయి. ఇంగ్లీషుకి సరిపోయిన 14 పిక్సెల్స్ తెలుగుకి చాలదు. మ-య, ప-ష, ధ-థ మధ్య తేడా చిన్న గీతల్లో, చుక్కల్లో ఉంటుంది, మసక చూపుకి అవే ముందు పోతాయి. వివరణకి కనీసం 18 పెట్టండి. లైన్-హైట్ 1.6 కన్నా తగ్గించకండి. 1.2 ఇచ్చి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టిన కార్డుల్లో కింది లైను ఒత్తులు సగానికి తెగిపోతాయి.

బోల్డ్ ఫైల్ లేని తెలుగు ఫాంట్‌కి బోల్డ్ పెడితే బ్రౌజరే అక్షరాన్ని లావు చేస్తుంది, లోపలి ఖాళీలు పూడిపోతాయి. నోటో సాన్స్ తెలుగు లాంటి, బోల్డ్ నిజంగా ఉన్న ఫాంట్ వాడండి. ఇటాలిక్ వద్దే వద్దు. తెలుగు ముక్కకి లాంగ్ అట్రిబ్యూట్‌లో తెలుగు కోడ్ ఇవ్వండి, లేకపోతే చదివి వినిపించే గొంతు దాన్ని ఇంగ్లీషు అనుకుని వదిలేయొచ్చు.

లిస్టింగ్‌లో పేరు రెండు లైన్ల తర్వాత చుక్కలు పెట్టి కోసేస్తుంటారు. "మంగళగిరి స్వచ్ఛమైన చేనేత నూలు చీర..." అని ఇరవై చీరలకీ ఒకే మొదలు ఉంటే తేడా చెప్పే పదం కోతలో పోతుంది. "వంకాయ రంగు, జరీ బార్డర్, మంగళగిరి నూలు" అని తిరగేయండి.

కేటలాగ్_పని
రంగుల విషయం. చుక్కల్లా పెట్టే రంగు బటన్ల కింద పేరు రాయాలి, మౌస్ పెడితే వచ్చేలా కాదు. "రాయల్ బెర్రీ" లాంటి పేర్లు ఎవరికీ అర్థం కావు. నెమలి కంఠం, మామిడిపండు, వంకాయ రంగు అంటే మనవాళ్లకి వెంటనే తెలుస్తుంది, పక్కన "ముదురు" లేదా "లేత" ఉండాలి. ఒళ్లు, బార్డర్, పల్లూ విడివిడిగా రాయండి. బార్డర్ వెడల్పు అంగుళాల్లో, జరీయా నూలా, చీర పొడవు మీటర్లలో, బ్లౌజ్ ముక్క ఉందా లేదా. ఇవన్నీ ఫొటోలోంచి ఊహించుకోమనకూడదు. కుర్తాల సైజు చార్ట్ ఫొటోగా పెట్టకండి, జూమ్ చేస్తే అలుక్కుపోతుంది. మామూలు టేబుల్ చాలు.

ఫొటో మీద మౌస్ పెడితే పక్కన పెద్దదయ్యే లెన్స్ ఉంటుంది చూడండి, మాగ్నిఫయర్‌తో అది పనికిరాదు, పెద్దదైన బొమ్మ వాళ్ల తెర బయట పడుతుంది. నొక్కితే తెరంతా తెరుచుకునే ఫొటో పెట్టండి, 2000 పిక్సెల్స్ ఉంటే నేత కూడా కనిపిస్తుంది. ఒళ్లు ఒకటి, బార్డర్ దగ్గరగా ఒకటి, సాదా నేపథ్యంలో తీయండి. పూల కుండీల ముందు తీసిన ఫొటోలో చీర అంచు ఎక్కడుందో చూపు బాగున్నవాళ్లకే తెలియదు.

చెకౌట్_మనిషి
ఓటీపీ: ఆరు విడివిడి గడులు వద్దు, ఒకటే గడి. ఆటోకంప్లీట్‌లో వన్-టైమ్-కోడ్ ఇస్తే ఫోన్ దానంతటదే నింపుతుంది. పేస్ట్ ఆపకండి. గడువు అయిపోతే మళ్లీ పంపండి గానీ కార్ట్ ఖాళీ చేయకండి. గడి పేరు ప్లేస్‌హోల్డర్‌లో కాదు, గడి పైన ఉండాలి. నొక్కే బటన్లు 24×24 కన్నా చిన్నవి ఉండకూడదు, నిజానికి 44 ఉంటేనే బాగుంటుంది.

రూల్_పుస్తకం
చట్టం అడిగేవాళ్ల కోసం: 2016 చట్టం 46వ సెక్షన్ ప్రైవేటు సేవలకీ వర్తిస్తుంది. యాక్సెసిబిలిటీకి మన దేశ ప్రమాణం ఐఎస్ 17802. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు యాక్సెసిబిలిటీ నియమాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయాలంది. యూరప్‌లోని మనవాళ్లకి అమ్మేవాళ్లకి 2025 జూన్ 28 నుంచి అక్కడి చట్టం కూడా ఉంది. పదిమంది లోపు సిబ్బంది, ఏడాదికి 20 లక్షల యూరోలు మించని టర్నోవర్ ఉన్న సేవా సంస్థలకి మినహాయింపు.

మంగళగిరి_మగ్గం
విండోస్ కాంట్రాస్ట్ థీమ్‌లో (అక్షరాలు బాగా ఆనేలా తెర రంగులు మార్చే సెట్టింగ్) రంగు చుక్కలన్నీ ఒకే నలుపై కనిపిస్తున్నాయి. ఇదేంటి?

ఫ్రంట్ఎండ్_పనులు
ఆ థీమ్‌లో బ్యాక్‌గ్రౌండ్ రంగులన్నీ విండోస్ తనవి వేసేస్తుంది. చుక్కలకి మాత్రం ఫోర్స్‌డ్-కలర్-అడ్జస్ట్ నన్ ఇవ్వండి. ఎంచుకున్న చుక్కకి బాక్స్-షాడోతో గుండ్రం పెట్టి ఉంటే అదీ మాయమవుతుంది, అవుట్‌లైన్‌తో గీయండి. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, ప్రింట్ స్క్రీన్ కలిపి నొక్కితే థీమ్ ఆన్, ఆఫ్ అవుతుంది. చెకౌట్ పేజీలో రేడియో బటన్లు కూడా ఓసారి చూడండి, రెడీమేడ్ థీముల్లో అవి కూడా ఇలాగే పోతుంటాయి.