అప్‌డేట్: చదివే స్థాయిని బట్టి గుంపులు వేశాక
3, 4, 5 తరగతులు ఒకే గదిలో ఉంటే వెనకబడ్డ పిల్లలకు సాయం ఎలా అందించాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే తరగతిని పక్కనపెట్టి, ఒక్కొక్కరితో విడిగా చదివించి అక్షరం, పదం, పేరా, కథ గుంపులు వేశాం. రోజూ గంట. కథ గుంపు జంటలుగా సొంతంగా చదువుకుంటుంది. టీచరు ఎక్కువసేపు ఉండాల్సింది అక్షరాల దగ్గరే.

చిక్కంతా పదాల గుంపులో వచ్చింది. 'పలక', 'చిలుక' గడగడా చదివేవాళ్లు 'పుస్తకం' దగ్గర ఆగిపోయారు. తెలుగులో వత్తు వేరే మెట్టు, గుణింతంతో కలిపి చూడకూడదు. అందుకే ఆ గుంపును రెండు చేశాం: ముందు 'అమ్మ', 'అక్క' లాంటి ద్విత్వాలు (అదే అక్షరం వత్తుగా వచ్చేవి), అవి పట్టుబడ్డాకే 'చంద్రుడు' లాంటి సంయుక్తాలు (వేరే అక్షరం వత్తుగా వచ్చేవి). పది పదాల్లో ఎనిమిది తడబడకుండా చదివితే పై గుంపుకి. రెండు వారాలకోసారి మళ్లీ చూస్తున్నాం.

లెక్కలకు మాత్రం గుంపులు వేరుగా వేయండి. కథ చదివే పిల్లలే కొందరు తీసివేతలో అప్పు దగ్గర ఆగారు.