సిజేరియన్‌కి వెన్నులో బుపివకైన్ మత్తు: వేయించుకున్నవాళ్ళు చెప్పండి

శ్రావణి: వచ్చే వారం నాకు సిజేరియన్. వెన్నులో బుపివకైన్ ఇస్తామన్నారు. కోత తెలుస్తుందేమోనని ఒకటే టెన్షన్. ఆ సూదితో జీవితాంతం నడుం నొప్పి తప్పదని మా అత్తయ్య అంటున్నారు. నిజమేనా?

చిన్నూ వాళ్ళమ్మ: నాకు రెండు కాన్పులూ అలాగే అయ్యాయండీ. దిండు పట్టుకుని ముందుకు వంగి కూర్చోమన్నారు. సూది వేసిన కాసేపటికే పాదాలు వెచ్చబడ్డాయి, తర్వాత కాళ్ళు ఎత్తుదామన్నా లేవలేదు. కోత నొప్పి లేదు కానీ పొట్ట లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది. కంగారు పడకండి. వణుకు మాత్రం బాగా వచ్చింది.

మత్తు డాక్టర్: కోతకు ముందు స్పిరిట్ దూది తగిలించి చల్లగా ఉందా అని అడుగుతాం. తెలుస్తుంటే మొహమాటం లేకుండా చెప్పండమ్మా. వేసేది 0.5 శాతం హెవీ మందు, సుమారు 2 మిల్లీలీటర్లు. డెక్స్ట్రోస్ అనే చక్కెర కలపడంతో అది వెన్ను ద్రవం కంటే బరువుగా ఉంటుంది, అందుకే టేబుల్ వంచి మత్తు ఎక్కడిదాకా ఎక్కాలో చూసుకుంటాం. నరాల్లోకి సోడియం వెళ్ళే దారులు మూసేసి నొప్పి కబురు మెదడుకు చేరనివ్వదు. రెండు మూడు గంటలు పనిచేస్తుంది. బీపీ పడిపోవడం మామూలే, వికారంగా అనిపించిన క్షణమే చెప్పండి, మందు రెడీగా ఉంటుంది. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండొచ్చు. ఏళ్ళ తరబడి ఉండే నడుం నొప్పికి ఈ సూది కారణమని పరిశోధనల్లో తేలలేదు.

రవి, రాజమండ్రి: మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇదే మందు నరం పక్కన ఇచ్చారు. రాత్రంతా హాయిగా పడుకుంది, తెల్లారి మత్తు దిగగానే నొప్పి ఒక్కసారిగా మీద పడింది. నొప్పి మాత్రలు మత్తు దిగకముందే అడిగి వేసుకోండి. డాక్టర్ గారూ, ఇది గుండెకు ప్రమాదమని చదివాను?

మత్తు డాక్టర్: పెద్ద మోతాదు పొరపాటున రక్తనాళంలోకి వెళితే ప్రమాదమే, గుండెను పట్టుకుని త్వరగా వదలదు. 1979లో అమెరికాలో ఆల్‌బ్రైట్ అనే డాక్టర్ దీనిపై హెచ్చరించారు. తర్వాత కాన్పులకు 0.75 శాతం మందు వాడొద్దన్నారు. ఇప్పుడు 20 శాతం లిపిడ్ ఎమల్షన్, అంటే కొవ్వు కలిసిన ద్రవం, నరంలోకి ఎక్కించి చికిత్స చేస్తాం. వెన్నులోకి వెళ్ళేది సుమారు 10 మిల్లీగ్రాములే, దానికి ఆ భయం అక్కర్లేదు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే మాత్రం తప్పకుండా చెప్పాలి.

శ్రావణి: ఎకోస్ప్రిన్ 75 వేసుకుంటున్నాను సర్, రేపే అడుగుతాను. తర్వాత తలనొప్పి ఎవరికైనా వచ్చిందా?

చిన్నూ వాళ్ళమ్మ: మొదటిసారి వచ్చింది. లేచి కూర్చుంటే తల పగిలిపోయేది, పడుకుంటే తగ్గేది. చెప్పగానే మాత్రలిచ్చి, నీళ్ళు, కాఫీ బాగా తాగమన్నారు. వారంలో పోయింది. రెండోసారి ఇంకా సన్న సూది, 27 గేజ్ వాడారు, తలనొప్పి రాలేదు. మీరూ అడగండి.