మార్చిలో ఫండ్ అమ్మి మళ్ళీ కొనడం: పన్ను మిగులా, ఉత్త శ్రమా?

గోదారిగట్టు:
ఈక్విటీ ఫండ్లలో (షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్లు) ఏడాది దాటిన యూనిట్ల లాభం ఏటా 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. 2024 జులై 23 నుంచి ఇదే లెక్క. అందుకే ఏటా అంత లాభం వచ్చేలా అమ్మేసి అదే ఫండ్ తిరిగి కొంటే కొనుగోలు ధర పెరిగి తర్వాత పన్ను తగ్గుతుందని కొందరు, అది కాగితం మీది ఆదా అని కొందరు. ఇంకో సందేహం కూడా: యాప్‌లో లాభం 40,000 కనిపిస్తే స్టేట్‌మెంట్‌లో 60,000 ఎలా వస్తుంది?

లెక్కల_మాస్టారు:
రెండోది తేలితే గానీ మొదటిదానికి జవాబు దొరకదండీ. చాలా యాప్‌లు చూపించేది సగటు ధర. పన్ను లెక్కలో ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి. ఒకే ఫోలియోలో (ఫండ్ ఖాతాలో) 2021లో 40 రూపాయల ఎన్ఏవీకి (ఒక యూనిట్ ధర) 1,000 యూనిట్లు, ఆర్నెల్ల కింద 80కి మరో 1,000 కొన్నారనుకోండి. సగటు 60. ఇవాళ ఎన్ఏవీ 100. వెయ్యి అమ్మితే సగటు లెక్కన లాభం 40,000, పన్ను లెక్కన 60,000.

1,500 అమ్మారా, చివరి 500 యూనిట్ల మీద 10,000 స్వల్పకాలిక లాభం. దానికి 20 శాతం పన్ను. పైగా చాలా ఫండ్లలో ఏడాదిలోపు యూనిట్లకు 1 శాతం ఎగ్జిట్ లోడ్, అంటే ముందే తీసినందుకు కోత. సిప్ (నెలనెలా వాయిదా) కట్టేవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే: ప్రతి వాయిదాకీ 12 నెలల లెక్క విడిగా నడుస్తుంది. ఫండ్ల ఖాతాల లెక్కలు చూసే కామ్స్, కేఫిన్‌టెక్ సంస్థల స్టేట్‌మెంట్లు తీసి ఎన్ని యూనిట్లకు ఏడాది దాటిందో చూసుకుని, రిడెంప్షన్ (అమ్మకం ఆర్డరు) యూనిట్లలోనే పెట్టండి. రూపాయల్లో పెడితే గీత దాటిపోతారు.

వద్దుబాబోయ్:
లెక్క బాగుంది మాస్టారూ, మరి మిగిలేదెంత? 1.25 లక్షలకు 12.5 శాతం అంటే 15,625. సెస్ కలిపితే 16,250. అదీ ఇప్పుడు చేతికి రాదు, ఎప్పుడో పెద్ద మొత్తం అమ్మినప్పుడు తగ్గే పన్ను. ఏటా కొంచెం కొంచెం అమ్ముకుంటూ ఎప్పుడూ 1.25 లక్షలు దాటనివాళ్ళకు సున్నా. 5 లక్షలు అమ్మితే డబ్బు రావడానికి రెండు మూడు పనిదినాలు. ఈలోగా మార్కెట్ 1 శాతం పెరిగితే 5,000 హుష్. ఈఎల్ఎస్ఎస్ (పన్ను ఆదా ఫండ్) అయితే తిరిగి కొన్న యూనిట్లకు మళ్ళీ మూడేళ్ళ లాకిన్, అమ్మడానికి వీల్లేదు.

లెక్కల_మాస్టారు:
ఈఎల్ఎస్ఎస్ మాట ఒప్పుకుంటా. మార్కెట్ పెరగొచ్చు, తగ్గనూ వచ్చు. ఆ జూదం అక్కర్లేదు. వేరే డబ్బు సిద్ధంగా పెట్టుకుని ఒకేరోజు అమ్మకం, కొనుగోలు చేస్తే రెంటికీ అదే ఎన్ఏవీ. కొనే డబ్బు మధ్యాహ్నం 3 గంటల్లోపు ఫండ్ ఖాతాలో పడాలి, కాబట్టి ఉదయమే పంపండి. చేతిలో లక్షే ఉంటే విడతలుగా తిప్పండి. 5 లక్షల మీద స్టాంప్ డ్యూటీ 25 రూపాయలు, ఎస్‌టీటీ (అమ్మకం మీది లావాదేవీ పన్ను) 5 రూపాయలు. వాడని 1.25 లక్షల మినహాయింపు వచ్చే ఏటికి జమ కాదు, అదీ అసలు పాయింటు. పదేళ్ళ తర్వాత ఇంటికో పెళ్ళికో ఒకేసారి 20 లక్షలు తీసేవాళ్ళకు ఇది చిన్న మొత్తం కాదు.

పద్దులపుస్తకం:
ఇద్దరూ వదిలేసినదొకటి. పాత ఏళ్ళ నష్టాలు రిటర్న్‌లో ముందుకు తెచ్చుకుంటున్నవాళ్ళు ఈ పని చేయకండి. లాభం ముందు ఆ నష్టంలో సర్దుబాటవుతుంది, మిగిలినదానికే 1.25 లక్షల మినహాయింపు. నష్టం లక్ష ఉండి 1.25 లక్షల లాభం తీశారంటే, లక్ష నష్టం ఊరికే కరిగిపోయి మినహాయింపులో వాడుకున్నది 25,000 మాత్రమే. ఎనిమిదేళ్ళు దాచుకోదగిన నష్టం అది.

గోదారిగట్టు:
డల్లాస్‌లో ఉండే తమ్ముడికీ ఇదే సలహా ఇవ్వొచ్చా అండీ?

పద్దులపుస్తకం:
ఇవ్వకండి. అక్కడి పన్ను నివాసులకు మన ఫండ్లు పీఫిక్ (విదేశీ పెట్టుబడి కంపెనీలకు అమెరికా పెట్టిన వర్గం) కింద వస్తాయి, ఫారం 8621 నింపాలి. మన మినహాయింపు అమెరికా లెక్కలో చెల్లదు. ఇక్కడ సున్నా అయిన లాభానికే అక్కడ పన్ను పడొచ్చు.

వద్దుబాబోయ్:
సరే, ఒకేసారి పెద్ద మొత్తం తీసేవాళ్ళ వరకు ఒప్పుకున్నా. కానీ ఐటీఆర్-1 (సులువైన రిటర్న్ ఫారం) వేసుకునే జీతగాళ్ళు జాగ్రత్త. దీర్ఘకాలిక లాభం 1.25 లక్షల లోపైతే ఆ ఫారంలోనే చూపొచ్చు. పొరపాటున ఒక్క సిప్ వాయిదా ఏడాది నిండకుండా అమ్ముడైతే ఐటీఆర్-2కి మారాల్సిందే.