హెపారిన్ ఎన్‌ఎంఆర్‌లో 2.15 పీపీఎం దగ్గర చిన్న పీక్: ఓఎస్‌సీఎస్సేనా?

ప్రశ్న (క్యూసీ_బెంచ్):
పంది పేగుల నుంచి తీసిన హెపారిన్ సోడియం (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) ముడి సరుకు. 600 మెగాహెర్ట్జ్ ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో (అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ సంకేతాలు చూసే పరీక్ష) ఎసిటైల్ పీక్ 2.04 పీపీఎం (స్కేలు మీద స్థానం) దగ్గర చక్కగా ఉంది. దానికి ఎడమ పక్కన 2.15 దగ్గర ఇంకో బుడిపె కనిపిస్తోంది, ఎత్తు ప్రధాన పీక్‌లో అర శాతం పైచిలుకు. హెపారిన్‌లో కల్తీగా కలిపే ఓవర్‌సల్ఫేటెడ్ కాండ్రాయిటిన్ సల్ఫేట్ (ఓఎస్‌సీఎస్) పీక్ కూడా అక్కడే కదా. ప్లాస్మా గడ్డకట్టే పరీక్షలో మిల్లీగ్రాముకు 190 యూనిట్ల పైనే వచ్చింది. లాట్ ఆపాలా?

జవాబు (స్పిన్_ల్యాబ్):
ముందు 1.93 దగ్గర చూడండి. అంతే ఎత్తులో ఇంకో బుడిపె ఉంటే అవి రెండూ 2.04 పీక్‌కి కార్బన్-13 శాటిలైట్లు, అంటే సహజంగా కొద్దిగా ఉండే కార్బన్-13 వల్ల పీక్‌కి రెండు పక్కలా వచ్చే పిల్ల పీకులు, మలినం కాదు. ఎసిటైల్ మిథైల్‌లో కార్బన్-ప్రోటాన్ కప్లింగ్ (ఆ రెండు పిల్ల పీకుల మధ్య దూరం) సుమారు 128 హెర్ట్జ్. అందులో సగం, 64 హెర్ట్జ్, 600 యంత్రంలో 0.107 పీపీఎం అవుతుంది. అంటే శాటిలైట్ సరిగ్గా 2.15 మీదే కూర్చుంటుంది. ఒక్కోదాని ఎత్తు ప్రధాన పీక్‌లో 0.55 శాతం. మీరు చెప్పిన ఎత్తు కూడా అదే. అయితే 1.92 దగ్గర ఎసిటేట్ మిగులు ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ పక్క పోలిక ఒక్కటే నమ్మకండి.

కార్బన్ డీకప్లింగ్ (కార్బన్ ప్రభావాన్ని తీసేసే సెట్టింగ్) పెట్టి మళ్లీ రన్ చేయండి, శాటిలైట్ అయితే మాయమవుతుంది. లేదా 500 మెగాహెర్ట్జ్ యంత్రంలో రన్ చేయండి: శాటిలైట్ 2.17కి జరుగుతుంది, ఓఎస్‌సీఎస్ ఉన్నచోటే ఉంటుంది. 20 మి.గ్రా. హెపారిన్‌ని 0.7 మి.లీ. డ్యూటీరియం నీటిలో కరిగించి, కొద్దిగా డ్యూటరేటెడ్ ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టుకునేది) కలపండి. కాల్షియం లాంటి లోహ అయాన్లు ఉంటే పీకులు వెడల్పై పక్కకి జరుగుతాయి, అప్పుడు స్థానం చూసి గుర్తుపట్టడం కుదరదు. ఇక 2.08 దగ్గర భుజంలా కనిపించేది డెర్మటాన్ సల్ఫేట్. అది శుద్ధిలో మిగిలిన సహజ మలినమే, కల్తీ కాదు.

జవాబు (అయాన్_కాలమ్):
పైన చెప్పింది సరే, కానీ ఎన్‌ఎంఆర్ ఒక్కదానితో లాట్ విడుదల చేయకండి. బలమైన ఆనయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్ (రుణావేశాన్ని బట్టి అణువులను విడదీసే గొట్టం) మీద సోడియం పెర్‌క్లోరేట్ గ్రేడియెంట్ నడిపి 202 నానోమీటర్ల దగ్గర చూడండి. ముందు డెర్మటాన్, తర్వాత హెపారిన్, చివర ఓఎస్‌సీఎస్ వస్తాయి. చిక్కేమిటంటే హెపారిన్ పీక్ చాలా వెడల్పు, దాని తోక కింద కొంచెం ఓఎస్‌సీఎస్ దాగిపోతుంది. అందుకే ముందు హెపారిన్‌ని నైట్రస్ ఆమ్లంతో ముక్కలు చేయాలి: 20 మి.గ్రా./మి.లీ. ద్రావణం 500 మైక్రోలీటర్లు, 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 250, సోడియం నైట్రైట్ (250 మి.గ్రా./మి.లీ.) 50, గది ఉష్ణోగ్రతలో 40 నిమిషాలు ఉంచి, 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 200 మైక్రోలీటర్లతో ఆపండి. హెపారిన్‌లోని ఎన్-సల్ఫేట్ దగ్గర గొలుసు తెగుతుంది. ఓఎస్‌సీఎస్‌లో అమైన్ అంతా ఎసిటైల్‌తో కప్పి ఉంటుంది కాబట్టి చెక్కుచెదరదు.

గ్యాస్ వస్తుంది, మూత బిగించకండి, ఫ్యూమ్‌హుడ్‌లోనే చేయండి. నైట్రైట్ ద్రావణం పాతదైతే హెపారిన్ సగమే తెగి, మధ్యలో ఒక గుట్ట మిగిలిపోతుంది. చాలామంది దాన్నే మలినమనుకుంటారు. హెపారిన్‌లో ఓఎస్‌సీఎస్ ప్రమాణం 1 శాతం కలిపిన నమూనానీ పక్కనే ఇదే పద్ధతిలో నడపండి. అందులో పీక్ రాకపోతే మీ రన్ చెల్లదు.

క్యూసీ_బెంచ్:
1.93లోనూ ఉంది, డీకప్లింగ్‌తో రెండూ పోయాయి. నైట్రస్ పరీక్ష ఎలాగూ చేస్తాను. యూనిట్లు బాగానే వచ్చాయి కదా, ఆ లెక్క దేనికీ పనికిరాదా?

జవాబు (సీరమ్_అసే):
కల్తీ పట్టుకోవడానికి పనికిరాదు. 2007-08లో కలుషిత హెపారిన్ తనిఖీలు దాటి ఆస్పత్రులకు చేరింది ఈ సందులోంచే. ఓఎస్‌సీఎస్ హెపారిన్ కోఫాక్టర్ 2 అనే రక్త ప్రోటీన్ ద్వారా థ్రాంబిన్‌ని (రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైమ్) ఆపుతుంది, దాంతో ప్లాస్మా గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, యూనిట్లు ఉన్నట్టే లెక్క వస్తుంది. రోగిలో మాత్రం ఫ్యాక్టర్ 12 అనే రక్త ప్రోటీన్‌ని రెచ్చగొట్టి కాలిక్రీన్‌ని, రక్తనాళాలను వదులు చేసే బ్రాడీకైనిన్‌ని పుట్టిస్తుంది. రక్తపోటు పడిపోవడం అందుకే.

శుద్ధి చేసిన యాంటీథ్రాంబిన్‌తో (హెపారిన్ పనిచేసేది ఈ ప్రోటీన్ ద్వారానే) చేసే యాంటీ-10ఏ, యాంటీ-2ఏ క్రోమోజెనిక్ పరీక్షల్లో (ఫ్యాక్టర్ 10ఏ, థ్రాంబిన్ ఎంత ఆగాయో రంగుతో కొలిచేవి) ఓఎస్‌సీఎస్ వాటా దాదాపు లేదు. అయితే ఆ రెండిటి నిష్పత్తి (0.9 నుంచి 1.1) చూసి ఊరుకోవద్దు. కల్తీ ఉన్నా రెండూ కలిసి తగ్గితే నిష్పత్తి 1 దగ్గరే ఉంటుంది. మిల్లీగ్రాముకు యూనిట్లు చూడాలి, 180కి తగ్గకూడదు. అదీ భారీ కల్తీనే చూపిస్తుంది. 1 శాతం ఓఎస్‌సీఎస్ అసే హెచ్చుతగ్గుల్లోనే కలిసిపోతుంది, దానికి పైన చెప్పిన ఆనయాన్ కాలమ్ పరీక్షే దిక్కు.